తెర శుభ్రం, తప్పులు భద్రం

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడు, అంటే కంప్యూటర్ నిద్ర లేచేటప్పుడు, తెర మీద పరుగెత్తే అక్షరాలు చూసి ఎవరో సున్నిత మనస్కుడు మళ్ళీ బెంగపెట్టుకున్నాడు. కొత్తవాళ్ళు జడుసుకుంటున్నారట. చూడ్డానికి బాగోలేదట. కాబట్టి స్టార్టప్ మెసేజ్‌లన్నిటినీ శుభ్రం చేయాలట. మంచిదే. 1991 నుంచి పేరుకుపోయిన కబుర్లు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చీపురు పట్టాలి. పట్టినవాళ్ళు ఏం ఊడుస్తున్నారన్నదే నా బాధ.

ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకుందాం. ఈ మెసేజ్‌ల్లో చాలా భాగం సొంత డబ్బా. నెట్‌వర్క్ కార్డుని నడిపించే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, ఒకటుంది. కార్డు పనిచేస్తోందో లేదో చెప్పకముందే, తన కాపీరైట్ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉందో చెప్పేస్తుంది. అడిగామా? లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ తక్కువ తిందా అంటే, అదీ బోగోమిప్స్ అని ఓ అంకె ప్రకటిస్తుంది. ప్రాసెసర్ల వేగాన్ని పోల్చడానికి అది పనికిరాదని అందరికీ తెలుసు. అయినా దశాంశం తర్వాత రెండు స్థానాలు! ప్రింటర్ డ్రైవర్లో అయితే ప్రింటర్‌కి నిప్పంటుకుందని చెప్పే మెసేజ్ కూడా ఉంది. అది ఉండనివ్వండి, దాని జోలికి వస్తే ఊరుకోను.

శుభ్రత సంఘం విచారణ ఎలా సాగుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అధ్యక్షులవారు మొదటి ముద్దాయిని లోపలికి పిలుస్తారు.

"పేరు?"

"ఏసీపీఐ బయోస్ ఎర్రర్ అంటారండి. బయోస్ అంటే ల్యాప్‌టాప్ కంపెనీ బోర్డులో పెట్టిచ్చే ప్రోగ్రామండి."

"ఏం జరిగింది?"

"ఏదో సింబల్ దొరకలేదండి."

"దానివల్ల ఏం పాడైంది?"

"ఏమీ పాడవలేదండి. ల్యాప్‌టాప్ నిక్షేపంగా నడుస్తోంది. బయోస్ రాసినవాళ్ళు పట్టికలో తప్పు చేశారు, నేను చూసి అరిచాను."

"ఎప్పట్నుంచి అరుస్తున్నావు?"

"కొన్న రోజు నుంచీనండి. ప్రతి బూట్‌కీ."

"ఎవరైనా పట్టించుకున్నారా?"

"కంగారుపడి వెతికిన ప్రతివాళ్ళకీ 'పట్టించుకోవద్దు' అనే జవాబు దొరికిందండి."

తర్వాత వైఫై డ్రైవర్ వస్తుంది. "ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే వైఫై చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్, అడిగానండి, రాలేదు. ఎర్రర్ మైనస్ 2."

"అయితే వైఫై లేనట్టేనా?"

"ఎందుకు లేదండీ! ఒక వెర్షన్ తగ్గించి అడిగాను. అదీ లేదు, మళ్ళీ మైనస్ 2. ఇంకోటి తగ్గించాను, దొరికింది."

"దొరికిందని చెప్పావా?"

"చెప్పానండి, మెల్లగా. అది మామూలు సమాచారం కదా."

"ఇంతకీ మైనస్ 2 అంటే?"

"ఫైలు లేదనండి."

"ఆ ముక్కే చెప్పొచ్చుగా?"

డ్రైవర్ నేల చూపులు చూస్తుంది. అంతలో వెనక వరుసలోంచి బూట్‌లో మిగతా పనులన్నీ మొదలుపెట్టించే సిస్టమ్‌డీ వారి స్టార్ట్ జాబ్ లేస్తుంది. "నేను ఒక డిస్కు కోసం ఆగుతున్నానండి."

"అదెక్కడుంది?"

"పోయిన నెల పీకేశారండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే డిస్కుల జాబితాలో పేరు మాత్రం మిగిలింది."

"మరి ఎందుకు ఆగడం?"

"1 నిమిషం 30 సెకన్లు ఆగమన్నారండి."

"అంతసేపూ ఏం చేస్తావు?"

"ఎర్ర నక్షత్రాల్ని అటూ ఇటూ నడిపిస్తుంటానండి."

తీర్పు వెంటనే వస్తుంది. ముద్దాయిలు ఎవరూ మారక్కర్లేదు, ఎవరికీ శిక్ష లేదు. అందరి మీదా కలిపి ఒకే దుప్పటి కప్పండి. మధ్యలో ఒక లోగో పెట్టండి. దాని కింద చక్రం తిప్పండి.

కల్పించి చెబుతున్నానని అనుకునేవాళ్ళ కోసం అసలు కథ కూడా వినిపిస్తాను. కెర్నెల్ మెసేజ్‌లకి 0 నుంచి 7 దాకా స్థాయిలున్నాయి. 0 అంటే కొంప మునిగింది, 3 అంటే ఎర్రర్, 6 అంటే మామూలు సమాచారం. బూట్ లైన్లో, అంటే కెర్నెల్‌కి ముందే ఆజ్ఞలిచ్చే చోట, 'క్వైట్' అని పెడితే 4 కంటే తక్కువ అంకె ఉన్నవే తెర మీదికి వస్తాయి. అంటే "అంతా బాగుంది" అనేవన్నీ మాయమై, పైన చెప్పిన ఏసీపీఐ లాంటి ఉత్తుత్తి ఎర్రర్లు మాత్రం లోగో రాకముందు ఒక్క క్షణం తళుక్కుమంటాయి. దీనికి మందేమిటి? ఉత్తుత్తి ఎర్రర్లని ఎర్రర్లు అనడం మానేయడం. చిన్నపిల్లాడైనా చెబుతాడు. మనవాళ్ళు 2018లో 4.19 కెర్నెల్‌లో ఆ 4ని ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు మార్చుకునే వీలు కల్పించారు. ఫెడోరా అనే డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం) దాన్ని 3కి దించింది. దొంగ ఎర్రర్లతో పాటు నిజం ఎర్రర్లు కూడా తెర మీద కనబడవు. బూట్ మాత్రం ఎక్కడా మినుకుమనకుండా పట్టులా సాగుతుంది.

కెర్నెల్ కోడింగ్ స్టైల్ పత్రంలో మెసేజ్‌ల గురించి ఒక భాగమే ఉంది. స్పెల్లింగ్ చూసుకోమంటుంది, వాక్యం చివర చుక్క అక్కర్లేదంటుంది. సంతోషం. అక్షర దోషాలు దిద్దే ప్యాచ్‌లకి, అంటే కోడ్ సవరణలకి, కరువేం లేదు. మైనస్ 2ని మనిషి భాషలోకి దించే ప్యాచ్ రాయడానికి మాత్రం చేతులు రావు. ఎక్కడో ఒకరో ఇద్దరో ఓపికపరులు ఒక్కో డ్రైవర్నీ తెరిచి, ఒక్కో మెసేజ్‌నీ దాని సరైన స్థాయికి మారుస్తుంటారు. అదీ శుభ్రం చేయడమంటే. వాళ్ళ పనికి స్క్రీన్‌షాట్లు ఉండవు కాబట్టి చప్పట్లూ ఉండవు.

"మెసేజ్‌లు ఎక్కడికీ పోలేదండీ, డీమెసేజ్ కమాండ్ కొడితే ఉన్నాయి, జర్నల్ అనే చిట్టాలో ఉన్నాయి, ఎస్కేప్ నొక్కితే కనిపిస్తాయి" అంటారు. ఎవరికి కనిపిస్తాయి? బూట్ అయిన మిషన్‌లో కూర్చున్నవాళ్ళకి! బూట్ కాని మిషన్ ముందు కూర్చున్న మనిషి డీమెసేజ్ ఎక్కడ కొట్టాలి? ఎస్కేప్ నొక్కాలని వాళ్ళకి ఎవరు చెప్పారు? లోగో చెప్పిందా, చక్రం చెప్పిందా? ఆ మనిషి 90 సెకన్లు చక్రం చూస్తారు. తర్వాత తెర నల్లబడి ఎమర్జెన్సీ మోడ్ అంటుంది. సర్వాధికారాలున్న రూట్ ఖాతాకి తాళం వేసిన డిస్ట్రో అయితే, తాళం వేసి ఉంది కాబట్టి లోపలికి రానివ్వను, ఎంటర్ నొక్కు అంటుంది. నొక్కితే మళ్ళీ అదే మాట. ఇంకోసారి నొక్కితే ఇంకోసారి అదే మాట. రేపు పొద్దున ఇవ్వాల్సిన పనంతా ఆ డిస్కులో ఉంది. బూట్ మెసేజ్‌లు చూసి భయపడతారని మీరు జాలిపడ్డ కొత్తవాళ్ళు వీళ్ళేనయ్యా! ఇప్పుడు భయం పోయిందా?

ఏ డిస్కు రాలేదో ఆ మిషన్‌కి తెలుసు. 90 సెకన్లూ దానికోసమే కాపలా కాసింది. "ఫలానా డిస్కు దొరకలేదు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఫలానా లైను చూసుకోండి" అని ఆ నల్ల తెర మీద, ఆ ఎంటర్ నొక్కమనే మాట పక్కన, ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డొచ్చింది? ముందు అది రాయండి. ఆ తర్వాత మీ చక్రాన్ని కుడికి తిప్పుకుంటారో ఎడమకి తిప్పుకుంటారో మీ ఇష్టం.