ఆఫీసర్ డిబుల్ బఫూన్ కాదు

ఉగాదికో దీపావళికో అమెరికాలోని మన తెలుగు సంఘాల వేదికల మీద పోలీసు పాత్ర ఉన్న స్కిట్ ఒకటైనా పడుతుంది. ఆ పోలీసు ఎలా ఉంటాడో తెర లేవకముందే చెప్పేయొచ్చు. దిండు కట్టిన పొట్ట, వంకర టోపీ, జారిపోయే బెల్టు, లంచం కోసం చాచిన చెయ్యి. రెండు నిమిషాలు నవ్వులు బాగానే వస్తాయి. మూడో నిమిషానికి పిల్లలు సమోసాల బల్ల వైపు, పెద్దలు ఫోన్ల వైపు తిరుగుతారు. తప్పు నటుడిది కాదు, రాసినవాళ్లది. వాళ్లకు నా సలహా ఒకటే: కలం పట్టేముందు ‘టాప్ క్యాట్’ కార్టూన్ మూడు నాలుగు భాగాలు చూడండి. పిల్లిని కాదు, పోలీసుని చూడండి.

తొంభైల్లో కార్టూన్ నెట్‌వర్క్ చూసినవాళ్లకు ఇది పిల్లల బొమ్మలుగానే గుర్తుంటుంది. నిజానికి హన్నా-బార్బెరా సంస్థ దీన్ని తీసింది రాత్రి ప్రైమ్ టైమ్ కోసం, అంటే పెద్దల కోసం కూడా. 1961 సెప్టెంబరు 27న ఏబీసీ టీవీ ఛానెల్లో మొదలై 30 భాగాలతో 1962 ఏప్రిల్‌లో ఆగిపోయింది. న్యూయార్క్‌లో హోగీస్ ఆలీ అనే సందు. అక్కడ చెత్తడబ్బాలో కాపురముండే టాప్ క్యాట్, అతని వెనక అయిదుగురు అనుచరులు. ఆ సందు ఆఫీసర్ చార్లీ డిబుల్ బీటులోకి వస్తుంది.

ఈ కథకు అచ్చు 1950ల చివర అమెరికాను నవ్వించిన సార్జెంట్ బిల్కో టీవీ సీరియల్. మాటకారి సార్జెంటు, అతని మాట నమ్మే జవాన్లు, వాళ్ల మీద ఒక కల్నల్. పిల్లుల ముఠాలో బెన్నీకి గొంతు ఇచ్చిన మారిస్ గాస్‌ఫీల్డ్ కూడా ఆ సీరియల్ నుంచి వచ్చినవాడే. అయితే కల్నల్ కుర్చీలో బీటు పోలీసును కూర్చోబెట్టేసరికి లెక్క మొత్తం మారిపోయింది. కల్నల్‌కి తలుపు వేసుకోవడానికి ఒక గది ఉంటుంది, డిబుల్‌కి లేదు. ఆ మోసగాళ్లు ఉండే సందులోనే రోజూ తిరగాలి. పైన స్టేషన్‌లో సార్జెంటు, కింద పిల్లులు. చేతిలో అధికారం ఉంది కానీ అది చాలా చిన్న అధికారం. హాస్యం పుట్టేది ఆ ఇరుకులోనే.

ఇంకో సంగతి మన రచయితలు గమనించనే గమనించరు. వాదన మొదలైన ప్రతిసారీ న్యాయం డిబుల్ వైపే ఉంటుంది. సందులో పేకాట ఆడకూడదు, చెత్త పోయకూడదు, పోలీసు ఫోను ముట్టుకోకూడదు. అతను అడిగేవన్నీ సబబైనవే. ఓడిపోయేది తెలివి లేక కాదు, మొహమాటం వల్ల. పొగిడితే మెత్తబడతాడు, కష్టం చెప్పుకుంటే కరిగిపోతాడు, పుట్టినరోజు ఎవరూ గుర్తుపెట్టుకోలేదంటే చిన్నబుచ్చుకుంటాడు. ఇవి లోపాలు కావు, మంచి గుణాలు. మంచితనాన్ని ఆసరా చేసుకుని మోసం చేస్తుంటే ప్రేక్షకుడు ఒక కన్నుతో నవ్వుతూ రెండో కన్నుతో ‘అయ్యో’ అనుకుంటాడు. లంచగొండిని మోసం చేస్తే ఆ రెండోది రాదు. అందుకే మన స్కిట్ మూడో నిమిషానికే చప్పబడిపోతుంది.

ఇక ఆ ఫోను సంగతి. పోలీసు గస్తీ కార్లలో రేడియోలు ఉన్న కాలంలో కూడా నడిచి గస్తీ తిరిగే పోలీసుకు స్టేషన్‌తో సంబంధం స్తంభానికి బిగించిన ఇనుప పెట్టెలోని ఫోనే. పెట్టెకు తాళం, తాళంచెవి ఆఫీసర్ దగ్గర. గస్తీలో ఉన్నానని దానిలోంచే స్టేషన్‌కు చెప్పుకోవాలి. ఆపదలో పిలిచే 911 నంబరు మొదటిసారి మోగింది 1968లో, అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో. అంటే డిబుల్ కాలానికి ఆ పెట్టె అలంకారం కాదు, అతని ఉద్యోగానికి ప్రాణం. దాన్నే టాప్ క్యాట్ ఇంటి ఫోనులా వాడేసుకుంటాడు. ఒక్క వస్తువుతో రచయితలు మూడు పనులు చేయించుకున్నారు: గొడవకు కారణం దొరికింది, బయటి ప్రపంచం నుంచి కబురు రావడానికి దారి దొరికింది, డిబుల్ తిరిగి రావడానికి ప్రతిసారీ ఒక సాకు దొరికింది. రంగస్థలం మీద వస్తువు ఉంటే ఇలా పనిచేయాలి.

బొమ్మల పనితనం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే డిబుల్ గొప్పతనంలో సగం బడ్జెట్ లేకపోవడం వల్ల వచ్చింది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. థియేటర్ కార్టూన్లలో మనిషి కదిలితే ఒళ్లంతా కొత్తగా గీసేవారు. టీవీ డబ్బులకు అది గిట్టదు. కాబట్టి ఒంటిని ఒక పారదర్శకమైన షీటు మీద గీసి అలాగే ఉంచి, తలను, నోటిని వేరే షీట్ల మీద గీసి అవి మాత్రమే మార్చేవారు. ఆ అతుకు కనబడకుండా హన్నా-బార్బెరా బొమ్మల్లో చాలావాటికి మెడ దగ్గర కాలరో టైయో స్కార్ఫో తగిలించేవారు. డిబుల్‌కి ఆ బెడద లేదు, యూనిఫాంకి కాలరు ఎలాగూ ఉంటుంది. ఒళ్లు కదలదు కాబట్టి నవ్వు మాటల్లోంచి, వినేవాడి ముఖంలోంచి రావాలి. టాప్ క్యాట్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే డిబుల్ రెండుసార్లు కళ్లు ఆర్పుతాడు, నోరు తెరుస్తాడు, మూసేస్తాడు. గీయాల్సిన బొమ్మలు అయిదారు, పేలే నవ్వు పెద్దది.

గొంతు అలెన్ జెంకిన్స్‌ది. 1930ల వార్నర్ బ్రదర్స్ సినిమాల్లో గూండాల పక్కన ఉండే మందమతి అనుచరుడి వేషాలు ఎన్నో వేసినవాడు. దొంగ పాత్రల్లో అరిగిన గరుకు గొంతుని పోలీసుకి పెట్టడం ఎవరి ఆలోచనో గానీ అద్భుతం. ఆ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపిస్తుంది.

డిబుల్ ఎంత అవసరమో ఆ సీరియల్‌ రచయితలకీ తెలుసు. ఒక భాగంలో అతని స్థానంలో ప్రౌలర్ అనే కొత్త ఆఫీసర్ని దింపుతారు. ఇతనికి మొహమాటం లేదు, పొగిడినా కరగడు. ముఠాకి ఊపిరాడదు. చివరికి పిల్లులే డిబుల్‌ని వెనక్కి తెప్పించుకోవడానికి పన్నాగం పన్నాల్సివస్తుంది. పగవాడు లేకపోతే తమ బతుకే లేదని దొంగకి తెలిసిన క్షణం అది.

అమెరికాలో పెరిగే మన పిల్లలకు పేరు పెట్టి పిలవదగ్గ పోలీసు అంటే ఏమిటో తెలియదు. వాళ్లకు తెలిసింది వెనక వెలిగే ఎరుపు నీలం దీపాలు. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు మర్యాద అనుకుని కారు దిగి ఎదురెళ్తారు. ఇక్కడ ఆ పని అస్సలు చేయకూడదు. చేతులు స్టీరింగు మీద కనబడేలా పెట్టి, అడిగేదాకా కాగితాల కోసం డాష్‌బోర్డు అర తెరవకుండా కూర్చోవాలి. నడిచి తిరిగే పోలీసును కార్లు మింగేశాయి. 1978-79లో న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో నడక గస్తీని మళ్లీ పెట్టి చూశారు. నేరాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, కానీ జనానికి ధైర్యం మాత్రం పెరిగింది. 1961లో న్యూయార్క్ పోలీసులతో అందరి అనుభవమూ కార్టూన్‌లా చల్లగా ఉండేదని కాదు, రంగును బట్టి, పేటను బట్టి అది వేరు.

ఇప్పుడు స్కిట్. పది నిమిషాలు అనుకుందాం. విజయవాడలో ఒక ఫుట్‌పాత్, మిరపకాయ బజ్జీల బండి, ఓనరు, ఇద్దరు కుర్రాళ్లు, బీటు కానిస్టేబులు. కానిస్టేబులు మాట న్యాయమైనదే: నడిచే దారికి బండి అడ్డం. స్తంభం ఫోనుకి బదులు, అతను తన సెల్‌ఫోన్ ఛార్జింగ్‌కి బండి దగ్గర పెట్టాలి. మొదటి మూడు నిమిషాల్లోనే అది మోగాలి, ఓనరే ఎత్తాలి, అవతల ఎస్సై ఉండాలి.

కానిస్టేబులు: “బండి తియ్యమని బోర్డు పెట్టాం కదయ్యా.”

ఓనరు: “చూశాను సార్, ఆ అక్షరాలు మీరే రాశారంట కదా, ముత్యాల్లా ఉన్నాయండీ!”

ఇక్కడ కానిస్టేబులు వెంటనే నవ్వకూడదు. ఒకసారి బోర్డు వైపు చూడాలి, టోపీ సర్దుకోవాలి, ‘నిజంగానా?’ అన్నట్టు మళ్లీ చూడాలి. పూర్తిగా రెండు సెకన్లు. రిహార్సల్లో అందరూ ఈ రెండు సెకన్లనే మింగేస్తారు, వేదిక మీద గాభరాలో ఇంకా మింగేస్తారు. చేతి మైకులైతే మరీ కష్టం, మైకు నోటికి అడ్డొచ్చి ముఖం కనబడదు. కానిస్టేబులికైనా హెడ్‌సెట్ ఇప్పించండి.

ఆరో నిమిషంలో ప్రౌలర్ లాంటి రెండో పోలీసు రావాలి, మాట్లాడకుండా బండి టైర్ల గాలి తీసేయాలి. అప్పుడు పాత కానిస్టేబులు విలువ హాలంతటికీ తెలుస్తుంది. ముగింపులో బండి పది అడుగులు వెనక్కి జరగాలి, పాతవాడు డబ్బులిచ్చి బజ్జీ తినాలి. చిల్లర మాత్రం ఓనరు ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

తుపాకీ బొమ్మ వద్దు. మనం అద్దెకు తీసుకునే స్కూలు ఆడిటోరియాల్లో బొమ్మ తుపాకులు కూడా చాలాచోట్ల నిషేధం. లాఠీకి తేలికైన ప్లాస్టిక్ పైపు చాలు. ఖాకీ బట్టలకు అమెరికన్ బ్యాడ్జీలేవీ తగిలించకండి, వేషంతో పార్కింగ్ లాట్‌లోకి వెళ్లకండి, గ్రీన్‌రూమ్‌లోనే మార్చుకోండి.