బోటి బెల్లు కొట్టింది

పేగులను పేగులే అరిగియ్యాలె. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకు దేవరకొండల, మా చిన్నత్త ఇంట్ల, బోటి కూర పోసిన ఇస్తారి ముందు కూసున్నప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన ఇది. రెండోది రాకముందే తినుడు షురూ జేసిన.

చిన్నత్త అంటే మా ఇంటామెకు చిన్నమ్మ. ఆమె కొడుకు కొత్త ట్రాక్టరు కొన్నడు. ట్రాక్టరు కొన్నంక యాటను కొయ్యకపోతే ఇంజను స్టార్టు కాదని మా దిక్కు నమ్మకం. మా ఇంటామెకు పక్కింటోళ్ల పెండ్లి అడ్డమొచ్చింది. నేనొక్కణ్ణే బయలెల్లిన. ఎల్లేటప్పుడు గడప కాడ నిలబెట్టి చెప్పింది: "డాక్టరు ఏమన్నడో యాదున్నదా? కారం బంద్, నూనె బంద్. చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పిన, నీకు కారం తక్కువేసి వేరే వండుతది. ఆ టిఫిను గిన్నె గూడ తీస్కపో, నాకింత కట్టియ్యమను."

నేను జిల్లా పరిషత్ హైస్కూల్ల బయాలజీ సారును. ఇరవై ఏండ్ల సంది పదో తరగతికి పోషణ పాఠం చెప్తున్న. ముద్ద నోట్లెకు పోయిన కాడికెళ్లి బయటపడేదాక ఏ స్టేషన్ల ఎంతసేపు ఆగుతదో నిద్రల లేపి అడిగినా చెప్త. పొద్దుమీకి మా ఇంటి అరుగు మీద ట్యూషన్ గూడ చెప్త. మా ఇంటామె లోపల బియ్యం ఏరుకుంట వింటుంటదని నేను ఎన్నడు లెక్కల పట్టుకోలే.

బోటిల ఒక ముక్క తువ్వాల లెక్క బుసబుసగ ఉంటది, ఇంకోటి తేనెపట్టు లెక్క గదులు గదులుగ ఉంటది. ఏది ఏందో తెలుసుకోకుంట తినుడు నాకు నచ్చదు. పక్కన కూసున్న బావమరిదికి చూపిచ్చిన. "ఈ తువ్వాల లెక్క ఉన్నది రూమెన్. యాట గడ్డిని సరిగ నమలకుంటనే మింగి మొదలు ఇండ్లనే దాస్తది. తేనెపట్టు ఉన్నది రెటిక్యులం. పురసత్‌గ మళ్ల నోట్లెకు తెచ్చుకొని నెమరేస్తది. నాలుగరల కడుపు దానిది. మన లెక్క ఆసిడ్ ఊరేది నాలుగో అరల్నే."

"మరి మొదటి అరల ఏముంటది బావా?"

"సగం నమిలిన గడ్డి, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు. కోట్లకు కోట్లు."

బావమరిది ఇస్తారి దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి చూసి లేచి చేతులు కడుక్కున్నడు. వాని వాటా గూడ నాకే వచ్చింది. చిన్నత్త "తిను అల్లుడా, రాక రాక వచ్చినవ్" అనుకుంట గంటె ఎనుక గంటె. ఎదురు చెప్తే మర్యాద కాదు. రెండు పావుకు లేచిన.

రెండున్నర బస్సు. ఆడోళ్లకు జీరో టికెట్ వచ్చినప్పటికెళ్లి సీట్ల లెక్కలే మారినయ్. టికెట్ కొన్నోణ్ణి నేను, రాడ్డు పట్టుకొని నిలవడ్డోణ్ణి నేను. సంచిల నీళ్ల సీసా, దాని పక్కన చిన్నత్త బోటి నింపిచ్చిన టిఫిను.

కొండమల్లేపల్లి దాటంగనే నా కడుపుల పాత ట్రాక్టరు స్టార్టయ్యింది. సుట్టు ఉన్నోళ్లు ఒక్కసారి నా దిక్కు చూసిండ్రు. ఓ పెద్దమ్మ అయితే ఇంజను కరాబైందేమో అని డ్రైవరు దిక్కు చూసింది. నేను కిటికీల కెళ్లి గుట్టలు చూసుకుంట మనసుల పాఠం ఒప్పజెప్పుకున్న. జీర్ణాశయం ముద్దను మజ్జిగ చిలికినట్టు చిలికి, ఆసిడ్ కలిపి, కైమ్ అనే జావ చేస్తది. మా పిల్లలు దీన్ని ప్రతి యేడు పరీక్షల 'ఖీమా' అని రాస్తరు. నేను గూడ ప్రతి యేడు అర మార్కు ఏస్తనే ఉన్న. పూరా తప్పని కొట్టేసే ధైర్యం రాదు. ఆ జావ కాసింత కాసింత చిన్నపేగులకు దిగుతది. కొవ్వు ఎక్కువుంటే ఇంకా నిమ్మళంగ దిగుతది. అంటే గంటలకు గంటల టైమున్నది. నల్లగొండ ఒక్క గంట. భయపడేదేం లేదు.

పాఠం ఒప్పజెప్పుడు అయిపోయింది గాని లోపలి ట్రాక్టరు గేరు మార్చింది. నడుము కిందికెళ్లి చల్లగ చెమట. చివరి తలుపు కాడ ఇద్దరు వాచ్‌మన్లుంటరు, రెండు కండరాల వలయాలు. లోపలోడు మన మాట వినడు, వాని డ్యూటీ వానిది. బయటోడొక్కడే మన మనిషి. ఆ బయటోణ్ణి నమ్ముకొని నేను రాడ్డుకు ఏలాడుతుంటే, ముంగట సీట్ల పిల్ల ఎనుకకు తిరిగింది.

"సార్, నమస్తే సార్. నేను మీ స్టూడెంట్‌ను. పెరిస్టాలసిసా సార్?"

"ఔ బిడ్డా."

"కండరాలు అలలు అలలుగ ముందుకే నెట్టుకపోతయ్, ఎనుకకు రాదు అని చెప్పిండ్రు సార్."

"చెప్పిన."

"మరి బస్సు ఆపమందునా సార్?"

నా సర్వీసుల ఇంత మంచిగ పాఠం ఎక్కిన పిల్ల ఇంకోతి లేదు. లేచి కండక్టరమ్మ చెవుల ఏదో చెప్పింది. గుర్రంపోడు దాటినంక ఓ బత్తాయి తోట పక్కన బస్సు ఆగింది. సీసా తీసే ఓపిక గూడ లేక సంచితోనే దుంకిన. బస్సుల అరవై మంది, నూట ఇరవై కండ్లు, నా ఒక్క ఈపు.

తోట నల్లగొండ తోట. చెట్లు బారుగ ఉన్నయ్ గాని గుబురు లేదు. సంచి కొమ్మకు తగిలిచ్చి కూసున్ననో లేదో, రెండు బారుల అవతలికెళ్లి ముసలాయన గొంతు. "ఎవలయ్యా ఆడ?"

"బాటసారిని తాతా. కడుపుల బాగలేదు."

"కానీ కానీ. ఆ మూలకున్న చెట్టు కాపు తక్కువ. దాని కింద కూసో."

సంచి తీస్కపోయి ఆ చెట్టు కొమ్మకే తగిలిచ్చి కూసున్న.

డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యట్లే. సీసా పట్టుకొని ఉరికొచ్చిన. బస్సెక్కంగనే ఇద్దరు అక్కలు లేచి సీటిచ్చిండ్రు. కూసునే ధైర్యం లేదు. ఎందుకో తర్వాత తెలుస్తది.

ఇంటికొచ్చి మంచం మీద ఒరిగి, మా ఇంటామెతోని చెయ్యకూడని తప్పు చేసిన. "మీ చిన్నమ్మ బోటి సరిగ కడగలేనట్టున్నది" అన్న.

బియ్యం చాట పక్కకు పెట్టింది.

"బోటి ఎన్ని గంటలకు తిన్నవ్?"

"ఒకటిన్నర."

"బత్తాయి తోట ఎన్ని గంటలకు?"

"మూడు దాటింది."

"జీర్ణాశయంల రెండు నుంచి నాలుగు గంటలు, కొవ్వు కూర అయితే ఇంకా ఎక్కువ. చిన్నపేగు 6 మీటర్లు. అటెన్క పెద్దపేగు మీటరున్నర, ఆడ నీళ్లు గుంజేతందుకే ఒక రోజు, ఒక్కోపారి రెండ్రోజులు. అరుగు మీద చెప్పేది నువ్వే గద? మా చిన్నమ్మ బోటి ఇప్పుడు జీర్ణాశయం గడప గూడ పూరా దాటి ఉండది. మరి తోటల పడ్డదేంది?"

నోట మాట రాలే. నాకు తెలిసిన సంగతే. ఖాళీ కడుపుల అన్నం పడి సాగంగనే పెద్దపేగుకు కబురు పోతది, కొత్తోళ్లు వస్తున్నరు జాగ ఖాళీ చెయ్యుండ్రని. బడిల బెల్లు కొడితే పాత క్లాసు బయటికి పోయినట్టు. బోటి కొట్టింది బెల్లు మాత్రమే. బయటికొచ్చింది నిన్నటి క్లాసు.

"మంట పెట్టిందా?" అని అడిగింది, మెల్లగ, డాక్టరు లెక్క.

పాపం పట్టించుకుంటున్నదే అనుకున్న. "మస్తు పెట్టింది."

"మిరపకాయల మంట పుట్టిచ్చే కాప్సేసిన్ పూరా అరగదు, మంట కనిపెట్టే నరాలు నోట్ల ఉన్నయ్, చివర్ల గూడ ఉన్నయ్ అని మొన్న పిల్లలకు నవ్వుకుంట చెప్పినవ్. మా చిన్నమ్మ నీ బోటిల కారమే ఎయ్యలే, ఫోన్ల అడిగిన. శనివారం రాత్రి నేను పెట్టింది జొన్నరొట్టె, బీరకాయ. అండ్ల ఎండు మిరపకాయ గూడ లేదు. శనివారం పొద్దుగూకంగ పేపర్లు దిద్దేదున్నదని బడిలనే ఉంటి అన్నవ్ గద?"

అమెరికాల బ్యూమాంట్ అని ఓ డాక్టరుండె. 1822ల సెయింట్ మార్టిన్ అనేటోని కడుపుకు తుపాకి తూటా తగిలి తూటు పడ్డది, అది పూరా మూసుకోలే. బ్యూమాంట్ మాంసం ముక్కలకు, రొట్టె ముక్కలకు పట్టుదారం కట్టి, ఆ తూటుల కెళ్లి లోపలికి వదిలి, గంటకోపారి గుంజి చూసేటోడు. ఏండ్లకు ఏండ్లు చూసి 1833ల పుస్తకం అచ్చేసిండు. మా ఇంటామెకు తూటు గూడ అక్కెర లేకపాయె. దారం నేనే ఇచ్చిన, గుంజింది ఆమె.

"గడియారం సెంటరు కాడ..." అన్న.

"ఏం గడియారం కాడ?"

"మిర్చి బజ్జీలు. సాటి సార్లు బలవంతం చేసిండ్రు."

"ఎన్ని?"

"రెండు."

ఏమనలే. చూసింది.

"ఆరు" అన్న.

అప్పుడే ఆమె ఫోను మోగింది. చిన్నత్త. మా ఇంటామె గొంతుల ఎక్కడలేని తియ్యదనం. "ఆఁ చిన్నమ్మా, మంచిగ ముట్టిండు. నీ బోటి గురించే చెప్తున్నడు. ఇగో, నేను గూడ ఇప్పుడే పెట్టుకొని తింట." ఫోను పెట్టి నా దిక్కు తిరిగింది.

"టిఫిను ఏది?"

నా చేతుల నీళ్ల సీసా ఒక్కటే ఉన్నది. సంచి, కాపు తక్కువున్న చెట్టు కొమ్మకున్నది.