ప్లాస్టిక్ గొలుసు పెరిగేది అల్యూమినియం మీద కాదు

కెమిస్ట్రీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "పాలిథిలీన్, పాలీప్రొపిలీన్‌లను తయారుచేసేది అల్యూమినియం ఉత్ప్రేరకం. ట్రైఇథైల్ అల్యూమినియం ఉంటే చాలు, ఇథిలీన్ మామూలు పీడనంలోనే ప్లాస్టిక్ అయిపోతుంది. టైటానియం పేరుకే. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్‌కు ఇది గుడ్డిగా దొరికింది. ఆ అల్యూమినియం ప్రతి ప్లాస్టిక్‌లోనూ మిగిలిపోయి, బియ్యం సంచుల ద్వారా మన ఒంట్లోకి చేరుతోంది." పాఠ్యపుస్తకంలో జీగ్లర్-నట్టా ఉత్ప్రేరకం (టైటానియం, అల్యూమినియం సంయోగపదార్థాల మిశ్రమం) అన్నచోట ట్రైఇథైల్ అల్యూమినియం పేరు ఎలాగూ ఉంటుంది. అందుకే చదివిన పిల్లలు కూడా నమ్మేస్తున్నారు. పరీక్షలో ఇలాగే రాస్తే మార్కులు పోతాయి. అంతకంటే ముఖ్యం, ఇరవయ్యో శతాబ్దపు రసాయనశాస్త్రంలో ఒక గొప్ప ఘట్టం తలకిందులుగా అర్థమవుతుంది.

మొదట, "అల్యూమినియం ఉంటే చాలు" అన్న మాట. చాలదని చూపించింది జీగ్లర్ ప్రయోగాలే. ట్రైఇథైల్ అల్యూమినియంలో ఒక అల్యూమినియం పరమాణువుకు మూడు ఇథైల్ గ్రూపులు (రెండేసి కార్బన్ల ముక్కలు) ఉంటాయి. దాన్ని సుమారు 100 డిగ్రీల వేడిలో, 100 అట్మాస్ఫియర్ల పీడనంలో ఇథిలీన్ వాయువుతో కలిపితే, ఇథిలీన్ అణువు వచ్చి అల్యూమినియానికీ కార్బన్‌కూ మధ్య దూరుతుంది. దూరిన ప్రతిసారీ గొలుసు రెండు కార్బన్ల మేర పెరుగుతుంది. ఇంతవరకూ మెసేజ్‌కు ఆధారం ఉంది. కానీ కొంతసేపటికి ఆ గొలుసు అల్యూమినియం నుంచి ఊడిపోతుంది, దాని చోట్లో కొత్త ఇథిలీన్ చేరి మళ్ళీ మొదటికి వస్తుంది. గొలుసు మహా పెరిగితే వంద కార్బన్ల దాకా. చేతికొచ్చేది నూనో మైనమో తప్ప ప్లాస్టిక్ కాదు. బకెట్‌కు పనికొచ్చే పాలిథిలీన్‌లో ఒక్కో గొలుసుకు వేల కార్బన్లు ఉండాలి. మామూలు పీడనం అన్న మాట కూడా ఇక్కడే వీగిపోతుంది. ఆ పొట్టి గొలుసులకూ గిరాకీ ఉందనుకోండి: డిటర్జెంట్లలో వాడే ఫ్యాటీ ఆల్కహాల్స్‌ను 1960ల నుంచి ఈ దారిలో కూడా తీస్తున్నారు.

టైటానియం, జిర్కోనియం లాంటివేవీ లేకుండా, అల్యూమినియంతోనే జరిగే పాలిమరీకరణ (చిన్న అణువులు గొలుసుగా కలవడం) అసలు లేదా అంటే, ఉంది. ఐసోబ్యూటిలీన్‌కు కాస్త ఐసోప్రీన్ కలిపి, సున్నాకు దాదాపు 100 డిగ్రీల కింద అల్యూమినియం క్లోరైడ్ తగిలిస్తే బ్యూటైల్ రబ్బరు వస్తుంది. టైర్ల లోపలి ట్యూబులు దానితో చేసేవే. కానీ అక్కడ గొలుసు పెరిగేది అల్యూమినియం మీద కాదు, గొలుసు చివర ఉన్న ధనావేశం మీద, అదీ కొద్దిగా నీరో ఆమ్లమో ప్రోటాన్ అందిస్తేనే. ఇథిలీన్ విషయానికొస్తే, 1997లో రిచర్డ్ జోర్డన్ బృందం ఒక ప్రత్యేకమైన ధనావేశ అల్యూమినియం సంయోగపదార్థంతో పాలిథిలీన్ చేసి చూపింది. దాని వేగం తక్కువ. మెసేజ్ చెప్పే ట్రైఇథైల్ అల్యూమినియం అది కాదు.

ఇక "టైటానియం పేరుకే" అన్నది పూర్తిగా తప్పు. జీగ్లర్ తన నోబెల్ ప్రసంగంలో చెప్పిన ప్రయోగమే చూడండి. గాలి తగలకుండా ఒక గాజు పాత్రలో పెట్రోలు లాంటి ద్రావణి పోసి, అల్యూమినియం ఆల్కైల్‌నూ (ట్రైఇథైల్ అల్యూమినియం లాంటిది) టైటానియం టెట్రాక్లోరైడ్‌నూ కలిపి, మామూలు పీడనంలోనే ఇథిలీన్ పంపిస్తారు. పాత్ర దానంతటదే 70 డిగ్రీలకు వేడెక్కుతుంది. గంటసేపట్లో 300 నుంచి 400 లీటర్ల గ్యాస్ ఇంకిపోయి, లోపలి సరుకు కలపడానికి కూడా రానంత చిక్కబడుతుంది. ఆల్కహాల్ పోసి ఉత్ప్రేరకాన్ని చంపితే గోధుమరంగు పోయి తెల్లగా పాలిథిలీన్ మిగులుతుంది. టైటానియం లేకుండా ఇందులో ఏదీ జరగదు.

ఆ పాత్రలో అల్యూమినియం చేసే పని వేరు. అది తన ఇథైల్ గ్రూపును టైటానియానికి ఇచ్చి క్లోరిన్‌ను తీసుకుంటుంది. టైటానియాన్ని క్షయకరణం చేస్తుంది, అంటే దానికి ఎలక్ట్రాన్లు అందిస్తుంది. ఉత్ప్రేరకాన్ని పాడుచేసే తేమనూ ఆక్సిజన్‌నూ ముందే తినేస్తుంది. ఆ తర్వాత ఇథిలీన్ అణువులు ఒక్కొక్కటే వచ్చి వాలేది టైటానియం పక్కనున్న ఖాళీలో, చొరబడేది టైటానియం-కార్బన్ బంధంలో. 1960లలో పీటర్ కోసీ వివరించిన ఈ పద్ధతే ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. 1954 మార్చిలో మిలాన్‌లో జూలియో నట్టా చేసిన పాలీప్రొపిలీన్‌లో మిథైల్ గ్రూపులన్నీ ఒకే వైపు తిరిగి ఉండటానికి కారణం కూడా టైటానియం చుట్టూ ఉన్న చోటు ఆకారమే. ఇంకా అనుమానం ఉంటే హాంబర్గ్‌లో కమిన్‌స్కీ, జిన్ అనే రసాయనశాస్త్రవేత్తలు జిర్కోనియం ఉత్ప్రేరకంతో చేసిన పని చూడండి. అక్కడ ఒక్కో జిర్కోనియం పరమాణువుకు వెయ్యికి పైగా అల్యూమినియం పరమాణువులు వాడతారు. అయినా ఆ కాస్త జిర్కోనియం తీసేస్తే పని ఆగిపోతుంది. అటు సిలికా మీద క్రోమియం వాడే ఫిలిప్స్ ఉత్ప్రేరకం అల్యూమినియం ఆల్కైల్ సాయం లేకుండానే పాలిథిలీన్ చేస్తుంది.

"గుడ్డిగా దొరికింది" అన్నదాంట్లో పావు వంతు నిజం. జీగ్లర్ దగ్గర హోల్జ్‌కాంప్ అనే విద్యార్థికి ఒకసారి పొడుగు గొలుసులకు బదులు నాలుగే కార్బన్ల బ్యూటీన్ వచ్చింది. నిజానికి అది ఎదురుదెబ్బ. ఎందుకని తవ్వితే పాత్రలో నికెల్ ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఒక లోహం గొలుసును తుంచుతుంటే మిగతావి ఏం చేస్తాయోనని వరసగా పరీక్షించారు. అదే బృందంలో జిర్కోనియంతో బ్రైల్, టైటానియంతో మార్టిన్ ఫలితం చూశారు. దీన్ని అదృష్టం అని తీసిపారేయడం ఆ కుర్రాళ్ళ శ్రమకు అన్యాయం.

చివరిది, జనాన్ని భయపెడుతున్నది: ప్రతి ప్లాస్టిక్‌లోనూ అల్యూమినియం. ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిథిలీన్)ని అధిక పీడనంలో పెరాక్సైడ్‌లతో, ఆక్సిజన్‌తో చేస్తారు. పీవీసీకి కూడా ఈ ఉత్ప్రేరకంతో పని లేదు. బియ్యం సంచి పాలీప్రొపిలీన్‌దే, అందులో ఉత్ప్రేరకపు అవశేషం ఉంటుంది, కాదనను. కానీ ట్రైఇథైల్ అల్యూమినియం గాలి తగిలితే భగ్గున మండుతుంది, నీటితో పేలినట్టు చర్య జరుపుతుంది. అది అదే రూపంలో సంచిలో ఉండిపోవడం అసాధ్యం. మిగిలేది ఆక్సైడ్, హైడ్రాక్సైడ్ లాంటివి, ప్లాస్టిక్ గుళికల లోపల చిక్కుకుని. తొలి ఫ్యాక్టరీల్లో ఆల్కహాల్‌తో కడిగేవారు. మెగ్నీషియం క్లోరైడ్ ఆధారంగా చేసిన ఉత్ప్రేరకాలు వచ్చాక అతి కొద్ది మోతాదే సరిపోతోంది కాబట్టి ఆ కడుగుడే మానేశారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉన్న యాంటాసిడ్ సిరప్ అయితే ఒక్క మోతాదులోనే వందల మిల్లీగ్రాములు తాగిస్తుంది. తయారీదారులు ఈ అవశేషాల్లో ఎక్కువ జాగ్రత్త పడేది అల్యూమినియం గురించి కాదు, క్లోరిన్ గురించి. అది అచ్చులను తుప్పు పట్టిస్తుంది కాబట్టి గుళికల్లో కాల్షియం స్టియరేట్ కలుపుతారు.