అర్రే_ఫిల్టర్ గారికి ఒక విన్నపం

అయ్యా అర్రే_ఫిల్టర్ గారూ,

నమస్కారం. మా ఆఫీసులో మీ పేరును అందరూ 'అరే ఫిల్టర్' అనే పలుకుతారు. అది విసుక్కుంటున్నట్టు వినిపిస్తే తప్పు పూర్తిగా మాది కాదు.

పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష కొలువులో, అర్రేలనే జాబితాలను జల్లెడ పట్టే ఫంక్షన్ ఉద్యోగం మీది. మొన్న ఒక ఫారం నుంచి పేరు, ఫోన్, ఊరు, పాస్‌వర్డ్ కలగలిసి వచ్చాయి. పేరూ ఫోనూ ఉంచి తక్కినవి తీసేయమన్నాను. మీరు 'పేరు' అన్న కీ వైపు, అంటే పైనున్న చీటీ వైపు, చూడనైనా చూడలేదు. లోపలున్న వాల్యూని, సుబ్బారావును, లాక్కొచ్చి ఏది ఉంచాలో తేల్చే నా ఫంక్షన్ ముందు నిలబెట్టారు. నేను ఉంచమన్నవాటిలో సుబ్బారావు అన్న మాట ఎక్కడుంటుంది? ఆయనతో పాటు అందరినీ గెంటేసి, ఖాళీ అర్రే నా చేతిలో పెట్టారు. ఒక్క ఎర్రరన్నా ఇచ్చారా? డబ్బా మీద చీటీ చూసి పంచదార తెమ్మంటే, ప్రతి డబ్బాలోనూ వేలు పెట్టి నాకి చూసే రకం మీరు.

కీ చూడటం అసలే రాదనను. 2014లో, 5.6 వెర్షన్‌తో నేర్చుకున్నారు. కాకపోతే మూడో ఆర్గ్యుమెంట్‌గా అర్రే_ఫిల్టర్_యూజ్_కీ అని అంత పొడుగు అర్జీ పెట్టుకోవాలి. అంతకుముందు మేం కావలసిన పేర్లను అర్రే_ఫ్లిప్‌తో తలకిందులు చేసి, అంటే కీలుగా మార్చి, కీలు కలిసినవాటినే ఉంచే అర్రే_ఇంటర్సెక్ట్_కీ చేతికిచ్చేవాళ్లం. నన్నడిగితే ఇప్పటికీ ఆ పాత దారే నయం. ఇక రెండూ కావాలని యూజ్_బోత్ అంటే వాల్యూ ముందు, కీ తర్వాత ఇస్తారు. అర్రేలో ఒక్కొక్కటే తీసి చూపే ఫోర్‌ఈచ్ కూడా మీ ఇంట్లోదే, అక్కడ కీ ముందు!

అన్నిటికన్నా ఘోరం, మీరు లేపేసినవాళ్ల కుర్చీలు అలాగే ఖాళీగా ఉంచడం. 0, 2, 3 అని నంబర్లు మిగులుతాయి. దాన్ని యాప్‌కు పంపడానికి జేసన్ అనే రూపంలోకి మారిస్తే, వరస లిస్టు కాస్తా కీలున్న ఆబ్జెక్ట్ అయి కూర్చుంటుంది. చివరివి పోయిన రోజు అంతా సవ్యంగానే ఉంటుంది కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. మధ్యలోది పోయిన రోజు మాత్రం, రాత్రి పదకొండింటికి యాప్ రాసే అమ్మాయి ఫోన్: "అన్నా, స్క్రీన్ తెల్లగా వస్తోంది."

ఇట్లు,
మీ వెనకాలే, నంబర్లు మళ్లీ వరసగా వేసే అర్రే_వాల్యూస్ పట్టుకుని తిరిగే ఒక బ్యాకెండ్ కూలీ

తా.క.: ఫంక్షన్ ఇవ్వకుండా పిలిస్తే సున్నాలను కూడా ఊడ్చేస్తారు కదా. మార్కుల జాబితా మీతో ఒకసారి జల్లించాను. లెక్కల్లో సున్నా వచ్చిన పిల్లాడి తండ్రి ఫోన్ చేశాడు, "మావాడి పేరు కనబడట్లేదు, అంటే పాసైనట్టేనా?" అని.