భోగిపళ్ళలో బ్యాటరీ బిళ్ళ

ఈ జనవరిలో ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాలకు వచ్చినవారిలో చాలామందికి వేదిక కింద జరిగింది తెలియదు. పైన ముగ్గుల పోటీ బహుమతులు ఇస్తున్నారు. కింద జంపఖానా మీద పిల్లల వరుస, వాళ్ళ తలల మీద రేగుపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శెనగలు, బంతిపూల రెక్కలు, చిల్లర నాణేలు. అంతకు ముందే కమిటీవారు ప్రతి బిడ్డకూ వెలుగుతూ తిరిగే బొంగరం ఉన్న సంచి ఇచ్చేశారు. ఆ బొంగరాల్లో ఒకటి పగిలింది. రెండేళ్ళు నిండని బుడతడు జంపఖానా మీద దొరికిన తళతళలాడే బిళ్ళను నోట్లో పెట్టుకోబోతుంటే, విజయవాడ నుంచి వచ్చిన అమ్మమ్మగారు ఒకరు చెయ్యి పట్టి లాగేశారు. ఆవిడ దాన్ని నాణెమే అనుకున్నారు. నా చేతిలో పెట్టాక చూస్తే, దాని మీద సీఆర్ 2032 అని ఉంది, బొంగరంలోంచి ఊడిన బటన్ బ్యాటరీ.

ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో రాస్తే మొదటి జవాబు: "ఏమీ కాలేదు కదండీ, కష్టపడి చేసిన కార్యక్రమం మీద బురద ఎందుకు?" దాని కింద వరుసగా దణ్ణాల బొమ్మలు. ఈ వ్యాసం రాయిస్తున్నవి ఆ దణ్ణాలే.

ఆ బిళ్ళ వ్యాసం 20 మిల్లీమీటర్లు. మనం పోసే పెన్నీ (ఒక సెంటు నాణెం) కంటే కాస్త పెద్దది, నికెల్ (అయిదు సెంట్ల నాణెం) కంటే కాస్త చిన్నది. ఎక్స్‌రేలోనూ నాణెంలాగే ఉంటుంది, అంచున కనిపించే రెండో వలయమే తేడా. పసివాళ్ళ అన్నవాహికలో ఇరుక్కుంటే లాలాజలం తగిలి విద్యుత్తు ప్రవహిస్తుంది, అక్కడ క్షారం పుట్టి లోపలి కణజాలాన్ని కాల్చేస్తుంది. అందుకు రెండు గంటలు చాలు. బొమ్మను వెలిగించలేనంత నీరసించిన బ్యాటరీ కూడా ఆ పని చేయగలదు.

గ్రూపులో ఒక పెద్దాయన, మింగినా అరటిపండు తినిపిస్తే దిగిపోతుందన్నారు. దయచేసి ఆ వైద్యం చేయకండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించనూ వద్దు. నేరుగా అత్యవసర విభాగానికి పరుగెత్తండి. బిడ్డకు ఏడాది దాటి, మింగి 12 గంటలు మించకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వమని ఇక్కడ విషపదార్థాలు మింగినప్పుడు సలహా ఇచ్చే పాయిజన్ కేంద్రం వైద్యులు చెబుతారు, ఆరు సార్లకు మించకుండా. తేనె కోసం మాత్రం ఆగకూడదు. బ్యాటరీ మింగినప్పుడు పిలవాల్సిన నంబరు 800-498-8666.

చట్టాలు లేక కాదు. పిల్లల బొమ్మల్లో ఇలాంటి బ్యాటరీ అరను పనిముట్టు లేకుండా తెరవడం సులభంగా ఉండకూడదన్న నియమం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. టెక్సస్‌లో ఏడాదిన్నర పాప రిమోట్‌లోని బిళ్ళ మింగి 2020లో చనిపోయాక, 2022లో ఆ పాప పేరుతోనే రీస్ చట్టం వచ్చి రిమోట్ల వంటి ఇతర వస్తువులకూ అలాంటి కట్టుదిట్టం పెట్టింది. బొమ్మల కొలువులో, హాల్లో నిప్పు వెలిగించనివ్వరని మనం పెట్టే బ్యాటరీ దీపాలూ అందులోకే వస్తాయి. కానీ ఊరూ పేరూ లేని అమ్మకందారు దగ్గర వందల లెక్కన తెప్పించే సరుకు ఏ చట్టం చదువుకుని వస్తుంది?

"అయితే భోగిపళ్ళూ మానేయమంటారా?" అని ఒకరు దెప్పారు. నిజమే, రేగు గింజ, శెనగ, చెరకు ముక్క, ఏదైనా గొంతుకు అడ్డం పడవచ్చు. ఇక్కడ మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టేదేదీ వాళ్ళకు అమ్మకూడదు. నా చిన్నప్పటి ఏటికొప్పాక లక్కపిడతల్లో సగం అందులో జారిపోయేవి. అయినా ఆ అంకుడు కర్ర మీద, చెట్ల రంగుల మీద నాకు కోపం రాదు, పక్షపాతమే అనుకోండి. మా అమ్మ భోగిపళ్ళు పోసేటప్పుడు బిడ్డ ఎవరో ఒకరి ఒడిలో ఉండేది, దిష్టి తీసిన వెంటనే అన్నీ ఏరేసేవారు. మన హాల్లో ఒడులు తక్కువ, వీడియోలు తీసే చేతులు ఎక్కువ.

వచ్చే భోగికి నాణేలు పిల్లల తల మీద కాకుండా తల్లి కొంగులో వేద్దాం. ఉగాది కమిటీ ఇంకా కొనుగోళ్ళు మొదలుపెట్టలేదని విన్నాను, అందుకే ఇప్పుడే అడుగుతున్నాను: అయిదేళ్ళ లోపు పిల్లల సంచిలో బ్యాటరీ ఉన్నదేదీ పెట్టకండి. అట్టల పుస్తకం చాలు. పెద్దపిల్లలకు వెలిగే బొమ్మ కొనాల్సే వస్తే, ముందు ఒక్కటి తెప్పించి, మూతకు స్క్రూ ఉందా, కింద పడితే ఊడుతుందా చూసి, ఆ తర్వాతే వందకు ఆర్డరు పెట్టండి. ఖర్చు పెరిగితే ఆ తేడా నేనిస్తాను, కోశాధికారి గారు లెక్క పంపితే చాలు.