లడ్డూ, అప్పడం ఒకటేనా?

ఎల్‌కేజీ చదువుతున్న మా పాప మొన్న ఒక హోంవర్కు కాగితం తెచ్చింది. అందులో నాలుగు బొమ్మలు: బంతి, లడ్డూ, గాజు, అప్పడం. "వృత్తాలకు రంగు వేయుము" అని పైన ఆజ్ఞ. పాప గాజుకూ అప్పడానికీ రంగు వేసి, మిగిలిన రెంటినీ వదిలేసింది. మర్నాడు ఆ రెంటి పక్కన ఎర్ర సిరాతో సున్నాలు పడ్డాయి. ఆ సున్నాలైనా వృత్తాలా అంటే, కోలగా ఉన్నాయి.

"వాటికి ఎందుకు వేయలేదమ్మా?" అని అడిగాను.

"అవి ఉండలు కదా!" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

దాని తప్పేమిటో రెండు రోజులుగా వెతుకుతున్నాను, దొరకలేదు. మన వంటింటి తెలుగులో ఉండ వేరు, బిళ్ళ వేరు. సున్నుండను ఎవరూ సున్నిబిళ్ళ అనరు. తొక్కుడుబిళ్ళ ఆడడానికి ఎవరూ ఉండను వెతుక్కోరు. గారె అంటే చిల్లు పెట్టిన బిళ్ళ. కాజాల్లో మడత కాజా వేరు, గొట్టం కాజా వేరు. ఆ తేడా చెప్పడానికి కాకినాడలో ఎవరికీ గణితం డిగ్రీ అక్కరలేదు. ఇంత నికరమైన మాటలు ఇంట్లో నేర్చుకుని బడికి వెళ్ళిన పిల్లకు మనం నేర్పుతున్నది ఏమిటంటే, గుండ్రంగా కనిపించేదంతా "సర్కిల్" అని. బజారులో దొరికే ఆకారాల చార్టులు చూడండి: వృత్తం పక్కన బంతి, చతురస్రం పక్కన పాచిక, త్రిభుజం పక్కన సమోసా.

నాలుగు మాటలతో వివరించే బదులు ఆ సాయంత్రం పాపకు కాగితం, పెన్సిలు ఇచ్చాను. గాజు పెట్టి చుట్టూ గీసింది, వృత్తం వచ్చింది. స్టీలు గ్లాసు బోర్లించి గీసింది, మళ్ళీ వృత్తమే. గ్లాసును పడుకోబెడితే దొర్లిపోయింది. లడ్డూ చుట్టూ గీయబోతే పెన్సిలు దాని పొట్ట కిందికి దూరి, కాగితానికి నెయ్యి అంటింది. గ్లాసుకు గుండ్రం అంచు దగ్గర ఉంది, లడ్డూకు అంచే లేదు అని దానికి తెలిసిపోయింది. వృత్తం, గోళం అన్న పేర్లు ఆ తర్వాత ఎప్పుడు చెప్పినా నష్టం లేదు.

ఇది నా సొంత తెలివేమీ కాదు. కిండర్‌గార్టెన్ అన్న ఆలోచనకు ఆద్యుడైన జర్మనీ దేశస్థుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల ఆటల బడి మొదలుపెట్టాడు. ఆయన పిల్లల చేతికి ముందు ఇచ్చినవి నూలు బంతులు, ఆ తర్వాత చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తూపం. పలుచని చదును పలకల వంతు ఎంతో వెనక వచ్చేది. మనం మాత్రం చదును బొమ్మతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాం.

చార్టుల మీద నాకు ఇంకో కోపం ఉంది. వాటిలో త్రిభుజం ఎప్పుడూ గుడిసె కప్పులా బుద్ధిగా కూర్చునే ఉంటుంది, చతురస్రం ఎప్పుడూ నేలకు ఆనుకునే ఉంటుంది. దాన్ని కాస్త తిప్పి మూల మీద నిలబెడితే పిల్లలు "డైమండ్" అంటారు; పెద్దలు చప్పట్లు కొడతారు. కాగితం తిప్పితే ఆకారం మారుతుందా? నెదర్లాండ్స్‌కు చెందిన పియెర్, దీనా వాన్ హీలే అనే ఉపాధ్యాయ దంపతులు 1957లోనే ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనల్లో దీన్ని పట్టుకున్నారు. మొదటి దశలో పిల్లలు భుజాలూ కోణాలూ చూడరు, మొత్తం రూపాన్ని చూసి గుర్తుపడతారు. అందుకే ఒకే భంగిమలో ఉన్న బొమ్మనే పదే పదే చూపిస్తే ఆ భంగిమే ఆకారం అనుకుంటారు.

మా అమ్మ వాకిట్లో ముగ్గు పెడుతుంటే ఈ చిక్కు ఎన్నడూ రాలేదు. ఒక చుక్క చుట్టూ పైన, కింద, కుడి, ఎడమ ఉన్న నాలుగు చుక్కలను కలిపితే మూల మీద నిలబడిన చతురస్రమే వస్తుంది. పాప అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది, చివరికి మెడ వంచి చూసి "అమ్మమ్మా, ఇది పక్కకు ఒరిగింది" అంది. డైమండ్ అనలేదు.

పోలిక నేర్పడానికి నాకు దొరికిన గొప్ప సాధనం డబ్బా మూత. గుండ్రటి పోపుల డబ్బా మూత ఎటు తిప్పి పెట్టినా కూర్చుంటుంది. చదరపు డబ్బా మూత నాలుగు రకాలుగానే కూర్చుంటుంది. పొడుగు ఐస్‌క్రీం డబ్బాకైతే రెండే దారులు. నాలుగేళ్ళ పిల్ల ఇది కనిపెట్టడానికి అరగంట పట్టింది, ఆ తర్వాత నాకు మూతలు సర్దుకోవడానికి గంట పట్టింది. అలాగే పది రూపాయల నాణేన్నీ ఇరవై రూపాయల నాణేన్నీ గుప్పిట్లో పెట్టి, చూడకుండా వేరు చేయమనండి. ఇరవైకి పన్నెండు అంచులు ఉంటాయి, వేళ్ళకు తెలుస్తాయి.

టీచరమ్మను తప్పుపట్టడం లేదు. తరగతి నిండా పిల్లలు, చేతిలో అచ్చువేసిన జవాబుల కాగితం. ఆమె ఏం చేస్తారు? నా గొడవంతా మన తల్లిదండ్రులతోనే. చుట్టాలు రాగానే మూడేళ్ళ పిల్లను నిలబెట్టి "పెంటగాన్, హెక్సగాన్" అని వల్లె వేయిస్తాం. అదే పిల్ల బెండకాయ ముక్కకు ఎన్ని మూలలో లెక్కపెడుతూ కూర్చుంటే "కూరగాయలతో ఆటలేమిటి, లే" అని కసురుతాం.

వచ్చే వారం హోంవర్కు స్తూపాలట. ఇంటి నుంచి ఒకటి తెమ్మన్నారు. పాప గొట్టం కాజా తీసుకువెళ్తానంటోంది. రెండు కొన్నాను. ఒకటి నిన్న రాత్రే తరిగిపోయింది, రెండోదాని పాకం ఎక్కడుంటుందో చూడాలని ఇప్పుడే చిల్లు పెట్టింది.