భీమవరానికి మంచు టైర్లు

మార్గశిరం వచ్చింది. భీమవరంలో తెల్లవారుజామున 18 డిగ్రీలు. మంకీ క్యాపులు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. మనుషులకి ఇంత ఏర్పాటు ఉన్నప్పుడు కారు ఏం పాపం చేసిందని పాత టైర్లతో వణకాలి? మాంట్రియల్‌లో ఉన్న బావగారు చలికాలపు టైర్లు మార్పించుకుని ఫొటో పెట్టిన రోజు నుంచీ డెల్టాలో పరువున్న కుటుంబాలన్నిటినీ ఈ ప్రశ్న తొలిచేస్తోంది. బావగారికైతే అది సరదా కాదు. మాంట్రియల్ ఉన్న కెనడా రాష్ట్రం క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఆ టైర్లు లేకుండా కారు రోడ్డెక్కితే జరిమానా. మనకి అలాంటి చట్టం లేకపోవడం ప్రభుత్వాల నిర్లక్ష్యమే.

ముందు సరుకు సంగతి. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందకి దిగితే బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరులో సిలికా ఎక్కువగా కలిపిన మెత్తటి రబ్బరు వాడతారు, చలికి అది గట్టిపడదు. ట్రెడ్ (రోడ్డుకి ఆనే గాళ్ల భాగం) దిమ్మల మీద సన్నటి కోతలు బోలెడుంటాయి, వాటి అంచులు మంచుని పట్టుకుంటాయి. కాబట్టి మన మొదటి సలహా: కారుని ఐసు ఫ్యాక్టరీ లోపల నడిపేవాళ్లు తప్పకుండా కొనండి. డెల్టాలో 7 డిగ్రీలు ఖాయంగా దొరికేది అక్కడే.

బయట తిరిగేవాళ్లకి చిన్న ఇబ్బంది ఉంది. ఆ మెత్తటి రబ్బరు మే నెలలో తణుకు హైవే మీద ఎండలో మరిచిపోయిన మామిడి తాండ్రలా తయారవుతుంది. బ్రేకు కొడితే దిమ్మలు పక్కకి ఒరుగుతాయి, కారు ఆగే దూరం పెరుగుతుంది, ట్రెడ్ చూస్తుండగానే అరిగిపోతుంది. ‘లంబసింగి వెళ్తామండీ, అక్కడ సున్నా కదా’ అంటారా? ఆ చలి తెల్లవారుజాముది. ఎండెక్కేసరికి గడ్డి మీద మంచు కరిగి ఫొటోల్లోనే మిగులుతుంది. ఘాట్‌లో కావాల్సింది ఆరోగ్యంగా ఉన్న మామూలు టైరూ, దిగేటప్పుడు రెండో గేరూ.

అయినా కొంటామనేవారు గుర్తు చూసుకోవాలి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉంటే ఆ టైరు మంచు మీద పరీక్ష నెగ్గినట్టు. ఉత్త ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ ప్లస్ స్నో, బురదకీ మంచుకీ అని) ఉంటే అది కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న కితాబు. 2024 అక్టోబర్ నుంచి జర్మనీ కూడా దాన్ని ఒప్పుకోవడం మానేసింది. ఇక తెప్పించడం అంటారా, 2020 జూన్ నుంచి మన దేశం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. బావగారి సూట్‌కేసులో నాలుగు టైర్లు పట్టవు కూడా.

మనకి చలికాలం లేదని మాత్రం అనకండి. మన చలికాలం మనకుంది, బావగారి మంచు కంటే మొండిది.

సార్వా (ఖరీఫ్ వరి) కోతలవగానే సగం రోడ్డు కళ్లం అవుతుంది. ఆరబోసిన ధాన్యం మీద ఎంత గొప్ప టైరైనా పట్టు తప్పుతుంది, గింజలు కింద దొర్లుతాయి కనుక. అక్కడ బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ విసురుగా తిప్పకూడదు, ముందే నెమ్మదించి నేరుగా దాటాలి. గడ్డి పరిచిన చోట దాటాక ఓసారి ఆగి కిందకి చూడండి. సైలెన్సర్ గొట్టానికి చుట్టుకున్న ఎండుగడ్డి వేడికి అంటుకుంటుంది. అప్పుడిక భోగి మంటకి వేరే చోటు వెతకనక్కర్లేదు.

ఆ తర్వాత దాళ్వా (రబీ వరి) దమ్ములు. ఇనుప చక్రాల ట్రాక్టర్ చేలోంచి ఎక్కి కాలవ గట్టు రోడ్డంతా నల్లమట్టి పూసిపోతుంది. రాత్రి మంచు కురిసి తడిస్తే పైన సన్నటి జిగట పొర. కారు టైరు గాళ్లలో ఆ మట్టి ఇరుక్కుంటే నెమ్మది వేగంలో ఊడి రాదు, గుండు టైరుతో పోతున్నట్టే. పక్కన కాలవ ఉంది, రెయిలింగు చాలాచోట్ల లేదు. మన రోడ్డు మీద ఐసు పడదనడానికీ లేదు, చేపల లారీ వెనక పోతే తెలుస్తుంది.

వీటికి పరిష్కారం పంచరు షాపులోనే ఉంది, కాకపోతే చూపించుకోవడానికి బాగోదు. గాడిలో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న గట్లుంటాయి. ట్రెడ్ వాటితో సమానమైతే చట్టప్రకారం టైరు చచ్చిపోయినట్టు. తడిలో తిరిగేవాళ్లు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయడం మేలు. టైరు పక్క గోడ మీద 3824 అని ఉంటే 2024లో 38వ వారం తయారీ. ‘కొత్త స్టాకేనండీ ఆయ్’ అన్నా వంగి చదవండి. రెండే కొంటే కొత్తవి వెనక్కి వెయ్యాలి. అందరూ ముందుకి వేయిస్తారు, తడి మలుపులో వెనక భాగం జారితే మనలాంటి డ్రైవరు సర్దుకోలేడు.

గాలి సంగతి మరీ ముఖ్యం. మిట్టమధ్యాహ్నం, వేడెక్కిన టైరుకి 32 కొట్టించుకుంటే తెల్లారి చల్లబడ్డాక 28 కూడా ఉండకపోవచ్చు. ప్రతి 5, 6 డిగ్రీలకీ ఒక పాయింటు పడిపోతుంది. ఉదయం, బండి కదలక ముందే చూసుకోవాలి. నైట్రోజన్‌కి డబ్బులిచ్చేవారికి ఒక శుభవార్త: ఊళ్లో ఉచితంగా దొరికే గాల్లో 78 శాతం అదే.

టైరు మీద 185/65 ఆర్15 అనే సైజు తర్వాత 88 అని ఉంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, గాలి సరిగ్గా ఉంటేనే. సంక్రాంతికి ఐదు సీట్ల కారులో ఎనిమిది మంది, డిక్కీలో బస్తా బియ్యం, అరిసెల డబ్బాలు, కాళ్ల దగ్గర పుంజు. తక్కువ గాలితో ఈ బరువు పడితే పక్క గోడ వంగి వంగి వేడెక్కి పేలుతుంది. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద ఉండే చీటీలో ఇద్దరికి ఒక అంకె, నిండు బరువుకి ఇంకో అంకె ఉంటాయి. రెండోది కొట్టించండి. పుంజు బరువు అందులో విడిగా రాయరు, కత్తితో కలిపి మీరే లెక్కేసుకోవాలి.